సుల్తాన్ కళ్లబడిన దూలం

మలక్కా నగరం నడిబొడ్డున సెయింట్ పాల్ కొండ ఉంది. డచ్చివాళ్ల ఎర్ర భవనాల వైపు నుంచి ఆ కొండను చుట్టి అవతలి పాదానికి వస్తే, ముదురు రంగు కలపతో కట్టిన పొడవాటి మేడ కనిపిస్తుంది. కప్పు మీద కప్పు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కోణపు ముఖాలు, నేలకు తగలకుండా స్తంభాల మీద నిలబడిన ఒళ్లు. చూడగానే ఐదారు వందల ఏళ్ల నాటిదనిపిస్తుంది. నిజానికి దీని పని మొదలైంది 1984లో, తలుపులు తెరిచింది 1986లో. ఇప్పుడు ఇది మలక్కా సుల్తానుల రాజభవన మ్యూజియం.

15వ శతాబ్దంలో మలక్కాను ఏలిన సుల్తాన్ మన్సూర్ షా రాజభవనం ఇలా ఉండి ఉంటుందని మలేషియా వేసుకున్న అంచనా ఇది. శిథిలాల మీద లేపిన కట్టడం కాదు. అసలు భవనపు పునాది రాయి ఒక్కటీ చేతికందలేదు, ఆనాటి చిత్రమూ లేదు. చరిత్రకారుల దగ్గర ఉన్నది ఒక పాత గ్రంథంలోని వర్ణన. వడ్రంగుల దగ్గర ఉన్నది తాతల నాటి పనితనం. రెండూ కలిపి మేడ లేపారు. అందువల్ల దీన్ని నకలు అనడం కంటే, కలపతో రాసిన సిద్ధాంతం అనడం నాకు సబబనిపిస్తుంది. సిద్ధాంతమన్నాక పరీక్షకు నిలబడాలి. ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో చూసుకుంటూ తిరిగితే ఈ మ్యూజియం రెట్టింపు బాగుంటుంది.

ఆ గ్రంథం పేరు సెజారా మెలాయు. మలయ్ రాజుల కథలన్నీ కలిపిన ఈ పుస్తకాన్ని జొహోర్ ఆస్థానంలో 1612 ప్రాంతంలో తున్ శ్రీ లనంగ్ కూర్చాడని ప్రతీతి. మన్సూర్ షా ఏలింది 1459 నుంచి 1477 వరకు. అంటే వర్ణనకూ భవనానికీ మధ్య నూటయాభై ఏళ్ల దూరం. చూసినవాళ్లు చెప్పగా విన్నవాళ్ల మనవళ్లు చెప్పినది అనుకోవాలి. ఇందులో అతిశయోక్తి ఎంత?

గ్రంథం ప్రకారం ఆ భవనానికి 17 అంకణాలు. ఒక్కో అంకణం వెడల్పు మూడు బారలు. ఒక్కో స్తంభం మనిషి రెండు చేతులా కౌగిలిస్తే సరిపోయేంత లావు. ఏడంతరువుల కప్పు, కప్పుకు రాగి రేకులు, తగరపు రేకులు. శిఖరాలకు ఎర్ర గాజు, చూరు కింద చైనా అద్దాలు. ఎండపడితే ఊరంతా తళతళలాడేదట.

గాజునూ అద్దాలనూ కాసేపు పక్కనపెట్టి, కొలతలు పట్టుకుందాం. పదిహేడు మూళ్లు 51 బారలు. సగటు మనిషి బార 1.7 మీటర్లనుకుంటే భవనం పొడవు 87 మీటర్లకు దగ్గరవుతుంది. ఇప్పుడు కట్టిన మేడ పొడవు 70 మీటర్లకు కాస్త అటూ ఇటూ. కాబట్టి గ్రంథం మాటే నిజమైతే, మనం చూస్తున్నది అసలుకు ముప్పాతిక వంతు పైచిలుకు. స్తంభం చుట్టుకొలత ఒక బార అయితే దాని అడ్డుకొలత అర మీటరు పైచిలుకు. మలయా అడవుల్లో చెంగల్ అనే మహావృక్షం ఉంది. ఇంతకు రెట్టింపు లావున్న మానులు కూడా అందులో పెరుగుతాయి. కలప దొరకదన్న అనుమానం అక్కర్లేదు.

మూడు బారల అంకణం మాత్రం ఆలోచించాల్సిన విషయం. అంటే స్తంభానికీ స్తంభానికీ ఐదు మీటర్లు. మామూలు మలయ్ ఇంట్లో ఈ దూరం ఇందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. దూలం పొడవు రెట్టింపు చేసి, మందం మార్చకుండా, మీటరుకు అంతే బరువు వేస్తే అది రెండింతలు కాదు, పదహారింతలు కుంగుతుంది. ఈ లెక్క తెలియని వడ్రంగి కూడా కుంగిన నేలను చూసి దూలం మందం పెంచుతాడు. ఆ మందపు దూలాన్ని మోయడానికి స్తంభాన్నీ లావు చేస్తాడు. గ్రంథంలోని కౌగిలంత స్తంభాలూ, మూడు బారల అంకణాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నాయి. గొప్పలు కోయాలనుకున్న ఆస్థాన లేఖకుడికి ఇంత పొందిక కుదరడం కష్టం. మొత్తం పొడవు సాగదీశాడేమో గానీ, అతనికి కట్టడం తెలుసు, లేదా తెలిసినవాణ్ణి అడిగి రాశాడు.

ఇంత పెద్ద భవనం జాడ లేకుండా ఎలా పోయింది? 1511 ఆగస్టులో పోర్చుగీసు సేనాని అఫోన్సో ద అల్బుకర్క్ మలక్కాను పట్టుకున్నాడు. సుల్తాన్ మహమూద్ షా పారిపోయాడు. పోర్చుగీసువాళ్లు కొండ చుట్టూ ఆ ఫమోసా అనే రాతికోట కట్టారు. మసీదు రాళ్లూ, సుల్తానుల సమాధుల రాళ్లూ ఆ గోడల్లోకి వెళ్లాయి. తర్వాత కొండెక్కి చర్చి కట్టారు. 1641లో డచ్చివాళ్లు వచ్చారు, తర్వాత ఇంగ్లీషువాళ్లు. 1807లో ఇంగ్లీషువాళ్లు కోటను కూలగొడితే చివరికి మిగిలింది ఒక్క ద్వారం. మ్యూజియం నుంచి దానికి నడిచి వెళ్లడం రెండు నిమిషాల పని. రాతికోటకే ఆ గతి పడితే కలప భవనం సంగతి చెప్పాలా? కలప స్తంభం కుళ్లిపోయినా అది పాతిన గుంట మట్టిలో నల్లటి మచ్చగా మిగులుతుంది. పురావస్తువాళ్లు ఆ మచ్చల వరుసను బట్టి ఇంటి నమూనా గీయగలరు. ఇక్కడ ఆ అవకాశం కూడా చాలావరకు పోయింది. ఒకే కొండను నాలుగు ప్రభుత్వాలు పునాదుల కోసం తవ్వుకుంటూ పోయాయి మరి.

సెజారా మెలాయు కాక ఇంకో సాక్షి ఉన్నాడు. చైనా నౌకాధిపతి జెంగ్ హె వెంట దుబాసీగా వచ్చిన మా హువాన్. 15వ శతాబ్దం తొలి భాగంలో మలక్కాను కళ్లారా చూసి రాశాడు. ఇక్కడి ఇళ్లు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటాయనీ, పలకలు వేయరనీ, కొబ్బరి మానును సన్నటి బద్దలుగా చీల్చి పేముతో వరసగా కట్టి నేల చేసుకుంటారనీ, దాని మీదే కూర్చోవడం, తినడం, పడుకోవడం, వండుకోవడమనీ చెప్పాడు. గొర్రెల దొడ్డిలా ఉందని అతనికి తోచింది. రాజుల కథ కాదు కాబట్టి ఇందులో పొగడ్త లేదు. అయితే అతను ఎగతాళిగా చూసిన ఆ బద్దల సందులే ఆ ఇంటికి ఊపిరి.

ఎలాగంటే, మలక్కా భూమధ్యరేఖకు రెండు డిగ్రీల ఉత్తరాన ఉంది. పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 23, 24. ఏడాది పొడవునా ఇదే వరస. గాలిలో తేమ 80 శాతం చుట్టూ ఉంటుంది. ఈ వాతావరణంలో వేడి కంటే తేమే పెద్ద శత్రువు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమగాలి చెమటను ఆరనివ్వదు. గాలి కదిలితే తప్ప హాయి లేదు. మందపాటి రాతిగోడ పగలంతా ఎండను తాగి రాత్రి ఇంట్లోకి వదులుతుంది. రాత్రుళ్లు బాగా చల్లబడే ఎడారి ఊళ్లలో అది వరం, ఇక్కడ శిక్ష. పలకల గోడ అలా వేడిని దాచుకోదు. పొద్దు గుంకిన కాసేపటికే ఇల్లు బయటి గాలితో సమానమవుతుంది.

మ్యూజియంలో చెప్పులు కింద విడిచి మెట్లెక్కాలి. వట్టి కాళ్లతో పలకల మీద నడుస్తుంటే ఈ ఏర్పాటు అరికాళ్లకే అర్థమవుతుంది. మేడ పొడుగు ఎక్కువ, వెడల్పు డజను మీటర్లే. ఒక వైపు కిటికీలోంచి దూరిన గాలి మరో వైపు నుంచి పోవడానికి దారి తిన్నగా ఉంది. గోడల పైభాగంలో తీగలూ పువ్వులూ చెక్కిన పలకలున్నాయి, ఆరపార బెజ్జాలు తొలిచినవి. అలంకారం అనుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోతాం గానీ అవి గాలికి దారులు. నీడ పోకుండా, వాన పడకుండా, చూపు దూరకుండా గాలిని మాత్రం రానిస్తాయి.

వేడిగాలి పైకి పోయి, కింద నుంచి చల్లగాలిని లాగుతుందని పర్యాటకుల పుస్తకాలు గొప్పగా రాస్తాయి. అబద్ధం కాదు, కానీ లెక్క కడితే ఆ బలం ఎంతో తేలుతుంది. పది మీటర్ల ఎత్తు, లోపలికీ బయటికీ మూడు డిగ్రీల తేడా అనుకుంటే పుట్టే ఒత్తిడి ఒక్క పాస్కల్ పైచిలుకు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో, అంటే ఆకులు కదిలే పాటి గాలి వీచినా, గోడ మీద పడే ఒత్తిడి దానికి రెండింతలు. కాబట్టి ఈ ఇళ్లను చల్లబరిచేది ముఖ్యంగా సముద్రపు గాలే. నేలకు ఎత్తుగా కట్టడంలో అసలు లాభం కూడా అక్కడే ఉంది: నేలను అంటుకుని గాలి నత్తనడక నడుస్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ జోరందుకుంటుంది. గాలి పడిపోయిన మధ్యాహ్నాల్లో, పై కప్పు కిందనుంచి జారుకునే ఆ ఒక్క పాస్కల్ వేడిగాలి ఎంతోకొంత ఆదుకుంటుంది.

ఎత్తుకు ఇంకో కారణం చెద. చెదకూ బూజుకూ తడి కావాలి. కలపలో తేమ 20 శాతం లోపుంటే బూజు బతకలేదు. మట్టిలో పాతిన స్తంభం కిందనుంచి నీటిని పీల్చుతుంది. మలయ్ వడ్రంగులు స్తంభాన్ని రాతి దిమ్మ మీద ఊరికే నిలబెట్టే పద్ధతి అందుకే పట్టారు. రాతికీ కలపకూ మధ్య ఏ బంధమూ ఉండదు. బరువే బంధం. చెద పైకెక్కాలంటే రాతి మీదుగా మట్టిగొట్టం కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనిపిస్తుంది. చీపురుతో దులిపేస్తే సరి.

మేకు వాడకుండా కట్టారన్న మాట ఇక్కడ గైడ్లందరి నోటా వినిపిస్తుంది. వింటే ఇనుము తెలియని కాలపు ముచ్చట అనిపిస్తుంది. ఇనుముకు కొదవ లేదని అదే మ్యూజియంలోని ఆయుధాలు చెబుతాయి. క్రిస్ అనే వంకర కత్తిని దగ్గరగా చూడండి. నల్లటి అలుగు మీద వెండి నీటి అలల్లాంటి గీతలుంటాయి. నికెల్ కలిసిన ఇనుమునూ మామూలు ఇనుమునూ పొరలు పొరలుగా వేసి, కాల్చి, సాగగొట్టి, ఆపైన పాషాణం కలిపిన నిమ్మరసం పట్టిస్తారు. మామూలు ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర మెరుస్తూ మిగిలిపోతుంది. ఇంత లోహవిద్య తెలిసినవాళ్లకు మేకు చేయడం ఏపాటి పని?

వాళ్లు ఇనుమును ఇంటికి దూరంగా పెట్టింది తెలిసే. చెంగల్ లాంటి గట్టి కలపల్లో వగరు పదార్థాలు దండిగా ఉంటాయి. తడిగాలిలో అవి ఇనుమును తింటాయి, ఇనుము కలపను తింటుంది. మేకు చుట్టూ నల్లమచ్చ పడుతుంది, తుప్పు ఉబ్బి పలకను చీల్చుతుంది, కొన్నేళ్లకు మేకు వదులై ఊడిపోతుంది. పైగా కలప ఊరుకునే వస్తువు కాదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అదీ అడ్డంగానే, నిలువునా దాదాపు మార్పుండదు. ఇనుప మేకు ఆ కదలికకు లొంగదు. కొయ్య చీల లొంగుతుంది. బాగా ఎండబెట్టిన చీలను బెజ్జంలోకి దిగగొడితే, గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బి తనంతట తనే బిగుసుకుంటుంది. ఊడదీయాలంటే చీలలు తట్టి తీసి ఇంటిని విడగొట్టి మరో ఊళ్లో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. మలయ్ పల్లెల్లో ఇళ్లు అలా ఊళ్లు మారడం మామూలే.

ఈ కట్టుబడిలో అసలు భారం ఒక దూలానిది. స్తంభానికి ఆరపార బెజ్జం తొలిచి, ఆ బెజ్జాల గుండా దూలాన్ని పోనిచ్చి, సందుల్లో చీలలు దిగ్గొడతారు. దారం పూసల్ని పట్టినట్టు అది స్తంభాలన్నిటినీ పట్టి ఉంచుతుంది. నేల పట్టెలు దాని మీదే కూర్చుంటాయి. మలయ్ వడ్రంగులు దాన్ని రాసుక్ అంటారు. సెజారా మెలాయులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఈ దూలం గురించే.

మన్సూర్ షా భవనం కాలిపోయింది. కొత్తది త్వరగా కట్టమని సుల్తాన్ తన ప్రధాని బెండహార తున్ పేరక్‌కు చెప్పాడు. బెండహార ఏలుబడిలోని ప్రాంతాల వాళ్లందరినీ పిలిపించి, ఒక్కో ఊరివాళ్లకు ఒక్కో భాగం పంచాడు. పెద్ద భవనం వీళ్లు, కొలువుకూటం వాళ్లు, వంటశాల ఇంకొకళ్లు. నెల రోజుల్లో పని ముగిసింది. సుల్తాన్ చూడ్డానికి వచ్చాడు. అంతా బాగుంది. వంటశాల వైపు వెళ్లినప్పుడు వసారా కింద ఒక దూలం కంటబడింది. నల్లగా, చిన్నగా ఉంది. ఇదేం కలప అని అడిగాడు. ఇబుల్ అన్నారు. బెండహారకు తొందరెక్కువైనట్టుందే అని మాత్రం అన్నాడు సుల్తాన్. ఆ మాట చెవిన పడగానే బెండహార పరుగున వచ్చి, తెంబుసు మాను నుంచి చెక్కిన లావాటి దూలం తెప్పించి అప్పటికప్పుడు మార్పించాడు.

ఆస్థాన కథకుడికి ఇది బెండహార రాజభక్తి కథ. కలప శాస్త్రం చదివినవాళ్లకు వేరే కథ. ఇబుల్ అంటే తాటి, కొబ్బరి, పోక కుటుంబపు చెట్టు. కోస్తా పల్లెల్లో తాటి దూలాల పెంకుటిళ్లు చూసినవాళ్లకు ఈ జాతి కలప గుణం చెప్పనక్కర్లేదు: చేవంతా చుట్టూ అంచున, నడుమ బెండు. టేకుకూ మద్దికీ ఇది తలకిందులు. వాటిలో చేవ నడిబొడ్డున ఉంటుంది. టేకు బెరడు కింద పెరిగే పొర ఏటా ఒక వలయం చొప్పున కలపను చేరుస్తూ పోతుంది, లోపలి పాత వలయాలు రసాయనాలతో నిండి గట్టిపడతాయి. తాటి జాతికి ఆ పొరే లేదు. నీటినీ ఆహారాన్నీ మోసే నాళాలు కట్టలు కట్టలుగా మానంతా చెదిరి ఉంటాయి, అంచున చిక్కగా, నడుమ పలచగా. కొబ్బరి మానులో అంచు కలప సాంద్రత నడుమ దాని కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది. నాళాల మధ్య ఉండే మెత్తటి కణజాలంలో పిండిపదార్థం. పురుగుకూ బూజుకూ అది విందు. అంచు కలపలోని నాళాల కట్టలు నల్లగా ఉంటాయి. సుల్తాన్ కళ్లకు దూలం నల్లగా కనబడిందన్న మాట ఊసుపోక రాసింది కాదన్నమాట.

అలాగని తాటి దూలం పనికిరానిదేం కాదు. దూలం వంగేటప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, నడిమి భాగానికి పెద్దగా శ్రమ ఉండదు. కాబట్టి అంచున చేవ ఉండడం వంగుబాటుకు మంచిదే. మన పెంకుటిళ్లలో అది గోడ నుంచి గోడకు పడుకుని, పైన వాసాల్ని మోస్తుంది. దానికి ఎవరూ బెజ్జాలు తొలచరు. రాసుక్ పని వేరు. దాన్ని స్తంభం గుండా పోనివ్వాలి, చీలలకు గాట్లు పెట్టాలి, ప్రతి కూడలిలో చీల దాన్ని పక్కనుంచి నొక్కుతుంది. తాటిజాతి కలపకు ఒక్క గాటు పెడితే చాలు, చేవ దాటి బెండు బయటపడుతుంది. చీల బిగిస్తే పీచు విడిపోతుంది. తెంబుసు అలా కాదు. నడుమదాకా ఒకే గట్టిదనం, పురుగు ముట్టని కలప. మలయా ద్వీపకల్పంలో పేరు మోసిన గట్టి మానుల్లో అదొకటి. వంటశాల వైపు కాబట్టి నీళ్లూ ఆవిరీ వేరే. ఇబుల్ దూలం అక్కడ ఎన్నాళ్లో ఆగేది కాదు.

మా హువాన్ చూసిన జనం ఇళ్లలో నేలంతా కొబ్బరి బద్దలే అని గుర్తుంచుకోండి. చీలికలై పేముతో కట్టించుకున్నప్పుడు ఆ కలప తన గుణానికి తగ్గ పనిలో ఉంది. నాలుగైదేళ్లకు పాడైతే తీసేసి కొత్తవి కట్టుకుంటారు, పెరట్లోనే చెట్టుంది. చీలలతో బిగించే రాజభవనపు చట్రంలోకి వచ్చేసరికి అదే కలప మోసం చేస్తుంది. హోదా ఒక్కటే కారణమనుకుంటే సగం విషయమే పట్టుకున్నట్టు.

కాలిపోవడం గురించి. భవనం మీద పిడుగు పడిందని మలక్కాలో చెప్పుకుంటారు. మలేషియా పశ్చిమతీరం ప్రపంచంలో ఉరుములూ మెరుపులూ మెండుగా ఉండే చోట్లలో ఒకటి. కొండ మీద, అంత ఎత్తున, లోహపు కప్పుతో నిలబడ్డ కలప భవనం పిడుగుకు రమ్మని చెప్పినట్టే. గ్రంథంలో కప్పు తగరం కరిగి జడివానలా చూరుల నుంచి కారిందనీ, దాని కిందుగా లోపలికి వెళ్లడానికి జనం జంకారనీ ఉంది. చదివితే కవి కల్పన అనిపిస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుందని తెలిస్తే అనిపించదు. కలప అంటుకోవడానికే దాదాపు 300 డిగ్రీలు కావాలి. అంటే కింద వాసం అంటుకునేసరికి పైన రేకు ద్రవమై ఉంటుంది. రాగి అలా కాదు, దానికి 1085 డిగ్రీలు కావాలి; కలప మంటలో అంత వేడి పుట్టడం అరుదు. గ్రంథం కరిగించింది తగరాన్నే. మలయా నేలలో తగరం పుష్కలం, మలక్కా నాణేలు కూడా తగరంతోనే పోసేవారు. రాజు తన దగ్గర విరివిగా ఉన్న లోహాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, అది నిప్పుకు అన్నిటికంటే ముందు లొంగింది.

ఇప్పటి మేడకు తగరమూ లేదు, రాగీ లేదు. బోర్నియో అడవుల బెలియన్ చెక్కలు పెంకుల్లా పరిచారు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కలప అది, చెద దాని జోలికి పోదు. ఎండలో లోహపు కప్పు కంటే చల్లగా ఉంటుంది, వానలో చప్పుడు తక్కువ. ఇంజనీరుగా ఆలోచిస్తే తెలివైన ఎంపిక. చరిత్రగా చూస్తే గ్రంథాన్ని దాటిన చోటు ఇదే. ఎర్ర గాజు శిఖరాలూ, అద్దాల తళుకులూ లేకపోవడంతో మేడ గంభీరంగా, కాస్త ముభావంగా కనిపిస్తుంది. అసలుది అలా ఉండేది కాదు. బంగారు పూత, అద్దం, గాజు, రాగి కలిసి కళ్లు చెదరగొట్టేలా ఉండేది. సాదాసీదాతనం ఈనాటి మన అభిరుచి. మన్సూర్ షాది కాదు.

లోపల వెయ్యికి పైచిలుకు వస్తువులూ, చిత్రాలూ, నమూనాలూ ఉన్నాయి. నడిమి కూటంలో సుల్తాన్ కొలువు బొమ్మలున్నాయి. ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరి నేల ఎవరి నేల కంటే ఎంత ఎత్తో సెజారా మెలాయులో కట్టుదిట్టమైన నియమాలున్నాయి కాబట్టి ఈ భాగానికి ఆధారం గట్టిది. ఇంకోచోట హాంగ్ తువా, హాంగ్ జెబాత్‌ల కత్తియుద్ధం. మలయ్ పిల్లలందరికీ తెలిసిన కథ. తువాకు అన్యాయం జరిగిందని స్నేహితుడు రాజు మీద తిరగబడితే, రాజు కోసం ఆ స్నేహితుణ్ణే చంపిన వీరుడు తువా. హికాయత్ హాంగ్ తువా అనే కథాగ్రంథంలో ఆ స్నేహితుడు జెబాత్. సెజారా మెలాయులో మాత్రం అతను హాంగ్ కస్తూరి. అంతటితో ఆగలేదు. ఆ గ్రంథం ప్రకారం, కస్తూరి చచ్చిన భవనంలో ఉండలేక సుల్తాన్ కట్టించుకున్నదే ఈ పదిహేడు అంకణాల కొత్త భవనం. ఏ పోరాటం నుంచి దూరంగా జరగాలని రాజు ఇల్లు మారాడో, మ్యూజియంవాళ్లు ఆ పోరాటాన్నే తెచ్చి కొత్త ఇంట్లో పెట్టారు! సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది కూడా అక్కడే, కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

వసారాలో వర్తకుల బొమ్మలున్నాయి: సయాం, చైనా, జావా, గుజరాత్, అరబ్బు దేశాలవాళ్లు. పోర్చుగీసులు వచ్చిన కొత్తల్లో ఇక్కడ పనిచేసిన ఔషధ వ్యాపారి తోమే పిరెష్, ఈ రేవులో 84 భాషలు వినిపిస్తాయని రాశాడు. రేవు పెత్తనం నలుగురు షాబందర్లది. గుజరాతీలకే ఒకడు, చైనా వైపు వాళ్లకు ఒకడు, జావా దీవుల వైపు ఒకడు, మన కోరమాండల్ తీరం నుంచీ బెంగాల్, పెగూల నుంచీ వచ్చేవాళ్లకు ఒకడు. కోరమాండల్ సరుకంటే ముఖ్యంగా బట్టలు. విజయనగర రాజుల ఏలుబడిలోని పులికాట్ రేవు నుంచి వచ్చిన అద్దకం బట్టలు ఇక్కడ దిగి, లవంగాలకూ జాజికాయకూ మారకంగా తూర్పు దీవులకు పోయేవి. గాలి మారేదాకా ఓడలు కదలవు కాబట్టి వర్తకులు ఇక్కడే మకాం వేసేవారు. ఆ బట్టల ముక్కలు కొన్ని గాజు పెట్టెల్లో పెడితే బాగుండేదని నాకనిపిస్తుంది. బొమ్మలకు తొడిగిన దుస్తులు ఆ లోటు తీర్చవు.

సిద్ధాంతాన్ని సరిచూసుకోవాలంటే నిజంగా రాజులు బతికిన కలప భవనం ఒకటి చూడాలి. మలక్కాకు ఉత్తరాన, నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలోని శ్రీ మెనాంతిలో అలాంటిది ఉంది. పాత భవనాన్ని 1870ల్లో ఇంగ్లీషు సైన్యం తగలబెడితే, 1902 నుంచి 1908 దాకా పనిచేసి ఇద్దరు మలయ్ వడ్రంగులు దీన్ని కట్టారు. 99 స్తంభాలు, చెంగల్ కలప, మేకు లేని కట్టుబడి. అక్కడ స్తంభాల లావు గ్రంథంలోని కౌగిలంత లేదు, అంకణాలూ మూడు బారలు లేవు. అయినా ఆరపార బెజ్జాలు, చీలలు, రాతి దిమ్మలు, చెక్కిన గాలి పలకలు అన్నీ ఉన్నాయి. నూరేళ్ల కిందటి వడ్రంగుల పనిలో ఏది మలక్కా మేడలో యథాతథంగా ఉందో, ఏది 1984లో కొత్తగా చేరిందో రెండూ చూసినవాళ్లకు తేలిగ్గా తెలిసిపోతుంది. వెళ్తే మేడ లోపలికి ఎక్కే ముందు ఒకసారి వంగి కింద చూడండి. రాసుక్ స్తంభంలోకి దూరే చోట చీల ఎటువైపు నుంచి దిగిందో కనిపిస్తుంది.